ఐదు నూళ్ళు

ఒక శనివారం పొద్దున బట్టలు ఉతుకుదామని బేస్‌మెంట్‌లోకి దిగితే, వాషింగ్ మెషీన్ మీద మడతపెట్టి ఉంచిన తువ్వాళ్ళు తడిసి ఉన్నాయి. తల పైకెత్తి చూశాను. చెక్క దూలాల మధ్యగా పోతున్న రాగి పైపు మీద ఆకుపచ్చటి చిలుము, ఆ చిలుము నడుమ ఒక నీటిబొట్టు. వేలితో తుడిచాను. ఇరవై లెక్కపెట్టేలోపల మళ్ళీ వచ్చింది. సూదిమొనంత చిల్లు. మెయిన్ వాల్వ్ కట్టేసి, కింద బకెట్ పెట్టి, మెట్ల మీద కూలబడ్డాను. చేతిలో ఉన్న ఫోన్‌లో నాన్న పేరు దాకా వెళ్ళి ఆగిపోయాను.

అలా ఆగిపోవడం అప్పటికి రెండేళ్ళుగా అలవాటు.

మా నాన్న ఫ్రిజ్ మెకానిక్. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక సందులో పదడుగుల షాపు. మొదట ఫ్రిజ్‌లు, తర్వాత కూలర్లు, ఆ తర్వాత ఏసీలు. రోహిణి కార్తెలో ఊరంతా నాన్నని వెతుక్కుంటూ వచ్చేది. మిగతా ఏడాదంతా బాకీల కోసం నాన్న ఊరిని వెతుక్కుంటూ పోయేవాడు.

అన్నయ్యని షాపులోకి రానిచ్చేవాడు కాదు. "నీకిక్కడేం పనిరా, పోయి చదువుకో" అని గుమ్మంలోంచే తోలేసేవాడు. కొడుకు చేతికి స్పానర్ అలవాటైతే ఎక్కడ మెకానిక్ అయిపోతాడోనని భయం. నా విషయంలో ఆ భయం లేదు. ఆడపిల్ల మెకానిక్ అవుతుందని ఆయనకే కాదు, మా సందులో ఎవరికీ తోచలేదు. అందుకని బడి వదిలిన దగ్గర్నుంచి చీకటిపడేదాకా నేను షాపులోనే. బ్యాటరీ లైటు పట్టుకునేదాన్ని. నాన్న పైపు కోస్తుంటే రెండో కొస పట్టుకునేదాన్ని. అడిగిన స్పానర్ అడిగినట్టు అందించేదాన్ని. పని పేర్లన్నీ వచ్చు, పని మాత్రం రాదు. ఇంజనీరింగ్ చదివి, అమెరికా వచ్చి, ఒహాయోలో పాత ఇల్లొకటి కొనుక్కున్నాక కూడా నా పరిస్థితి అదే.

రెండేళ్ళ కిందట నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, దాంతోపాటు మాట. కాలు తేరుకుంది, చెయ్యి సగం తేరుకుంది, మాట మాత్రం ఎక్కడో చిక్కుకుపోయింది. చెప్పాలనుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చేది ఒకటి. మంచినీళ్ళు కావాలంటే "గొడుగు" అనేవాడు. నన్ను అమ్మ పేరుతో, అమ్మని నా పేరుతో పిలిచేవాడు. అంకెలైతే మరీ. "రెండు మాత్రలూ వేసుకున్నావా నాన్నా?" అంటే "ఏడు" అని నమ్మకంగా తల ఊపేవాడు.

బుద్ధికేమీ కాలేదు, మాట వెతుక్కోవడమే కష్టం అని డాక్టర్ చెప్పారు. విన్నాం. వినడం వేరు, నమ్మడం వేరు. తడబడుతున్న మనిషితో మాట్లాడేటప్పుడు మనకి తెలియకుండానే మన గొంతు పెరుగుతుంది, మాటలు చిన్నవైపోతాయి. "నాన్నా, తిన్నావా? మందులేసుకున్నావా? సరే, అమ్మకివ్వు." రెండేళ్ళ మా సంభాషణంతా ఈ మూడు ముక్కలే.

ఆ పైపు కారిన వారంలోనే ఇంట్లో ఇంకో సంగతి నడుస్తోంది. షాపు. రెండేళ్ళుగా తాళం వేసి ఉంది. అద్దె అన్నయ్య కడుతున్నాడు. ఖాళీ చేసేద్దాం అన్నాడు. సామాను పాత ఇనుప సామాన్లవాడికి తూకానికి ఇచ్చేస్తే సరి, రాగికి మంచి ధరే వస్తుంది అన్నాడు. అమ్మ "మీ ఇష్టం" అంది. "నాన్నకి చెప్పాలి కదా?" అని నేనే అడిగాను. "చెప్తే ఏమర్థమవుతుందిలే. అనవసరంగా బాధపెట్టడం తప్ప" అన్నాడు అన్నయ్య. నేను కాదనలేదు. నెలాఖరుకి తాళాలు అప్పగించాలి.

*

మధ్యాహ్నానికి ప్లంబర్ వచ్చాడు. పెద్దాయన, ఓపికగలవాడు. టార్చ్ వేసి దూలాల మధ్య అంతా చూసి, పైపు మీద సగం చెరిగిపోయిన ఎర్ర అక్షరాలు చూపించాడు.

ఇక్కడ నీళ్ళ కోసం వాడే రాగి పైపులో ముఖ్యంగా మూడు రకాలు: కె, ఎల్, ఎం. బయటినుంచి చూస్తే మూడూ ఒకే లావు. తేడా అంతా గోడ మందంలో. హాఫ్ ఇంచ్ పైపైతే కె రకం గోడ అంగుళంలో 0.049, ఎల్ 0.040, ఎం 0.028. కె మీద ఆకుపచ్చ అక్షరాలు, ఎల్ మీద నీలం, ఎం మీద ఎరుపు. మా ఇల్లు 1956లో కట్టింది. తర్వాతెప్పుడో, ఎవరో బాత్రూమ్ మార్చుకుంటూ చౌకలో పోతుందని ఎర్ర అక్షరాల పైపు వేయించారు. అదే ఇప్పుడు కారుతోంది.

"ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట. మొత్తం పీకేసి పెక్స్ వేసుకో" అన్నాడు. పెక్స్ అంటే ప్లాస్టిక్ గొట్టం. తీగలా ఎటంటే అటు వంగుతుంది, మంట అక్కర్లేదు, త్వరగా అయిపోతుంది. ఇప్పుడిక్కడ కొత్త ఇళ్ళలో ఎక్కువగా అదే. ఆయన తప్పు చెప్పలేదు. కానీ ఆయన చెప్పిన అంకె విన్నాక నాకు నోట మాట రాలేదు. ఆ నెలలోనే ఆఫీసులో మా పక్క టీమ్ మొత్తాన్ని ఇంటికి పంపారు. ఆలోచించుకుని చెప్తానని పంపించేశాను.

నిజానికి పాడైంది ఆరడుగుల ముక్క. కాకపోతే ఆ ఆరడుగులూ సూటిగా లేవు. వేడిగాలి పోయే రేకు గొట్టం ఒకటి అడ్డమొస్తే, పైపు దాని కిందికి దిగి, అవతలికి పోయి, మళ్ళీ పైకెక్కాలి. అంటే నాలుగు మలుపులు. పాత పైపులో ప్రతి మలుపుకీ ఒక ఎల్బో, ప్రతి ఎల్బోకీ రెండు అతుకులు. ఎనిమిది అతుకులు వేయాలంటే, అరవై ఏళ్ళకి పైగా ఎండిన చెక్క దూలాల కింద ఎనిమిదిసార్లు మంట పెట్టాలి. తలుచుకుంటేనే భయం వేసింది.

మర్నాడు పొద్దున ఏమనుకున్నానో ఏమో, ఫోన్ చేశాను. అక్కడ రాత్రి ఏడున్నర. "తిన్నావా" అని అడగలేదు. "నాన్నా, మా ఇంట్లో పైపు కారుతోంది, చూడు" అని కెమెరా తిప్పాను.

నాన్న మొహం తెరకి దగ్గరగా వచ్చింది. కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇంకా" అన్నాడు. దగ్గరికి జరిపాను. "వేలు" అన్నాడు. మళ్ళీ ఏదో మాట తప్పాడనుకున్నాను. "వేలు... పక్కన." అప్పుడర్థమైంది. నా బొటనవేలు పైపు పక్కన పెట్టమంటున్నాడు. పెట్టాను. ఒక్క క్షణం చూశాడు.

"ఐదు నూళ్ళు" అన్నాడు. తడబాటేం లేదు.

నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మేస్త్రులు, వడ్రంగులు, నాన్నలాంటి మెకానిక్‌లు అలాగే లెక్కపెడతారు. నాలుగు నూళ్ళంటే అరంగుళం. ఐదంటే అరంగుళం మీద ఇంకో నూలు.

"కాదు నాన్నా. హాఫ్ ఇంచ్. నాలుగు."

"ఐదు."

"దీని మీద రాసుంది నాన్నా. హాఫ్... ఇంచ్." నా గొంతు పెరిగింది. మాటకీ మాటకీ మధ్య ఆగి మరీ చెప్పాను, చిన్నపిల్లలకి చెప్పినట్టు. ఏడు మాత్రలే గుర్తొచ్చాయి నాకు.

నాన్న కాసేపు నన్ను చూశాడు. ఎడమచేత్తో గాల్లో ఒక వంపు గీశాడు, వంచెయ్ అన్నట్టు. తర్వాత ఫోన్ అమ్మకిచ్చేశాడు.

*

ఆ చేతి వంపు నాకు తెలుసు. మా దగ్గర ఇళ్ళలో నీళ్ళకి ఒకప్పుడు జీఐ పైపు, ఇప్పుడు ప్లాస్టిక్. రాగి పైపు కనిపించేది ఫ్రిజ్‌ల వెనక, ఏసీల వెనకే. అందులో ఎల్బోలు పెట్టడం నాన్నకి నచ్చేది కాదు. "అతుకున్న ప్రతిచోటా గ్యాస్ పారిపోవడానికి తలుపు పెట్టినట్టే" అనేవాడు. వీలైనంతవరకూ వంచేవాడు.

వంచాలంటే మెత్తటి పైపు కావాలి. రాగి పైపు రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి కర్రల్లా సూటిగా ఉండే గట్టి పైపు. రెండోది కాల్చి మెత్తబరిచి, చుట్టగా చుట్టింది. ఎం రకం చుట్టల్లో రాదు. ఆ పల్చటి గోడకి వంపు నప్పదు. కాబట్టి నీలం అక్షరాల ఎల్ రకం, హాఫ్ ఇంచ్, మెత్తటి చుట్ట కొన్నాను. వంచడానికి బయటినుంచి తొడిగే స్ప్రింగ్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. అదీ హాఫ్ ఇంచే.

స్ప్రింగ్ పైపుకి ఎక్కలేదు. తిప్పి చూశాను, నెట్టి చూశాను, సబ్బు రాసి చూశాను. మా ఆయన ఒక చెయ్యేశాడు. ఎక్కలేదు. స్ప్రింగ్ తయారీలో ఏదో లోపం అనుకుని, వాపసు పంపడానికి ఫోటో తీస్తూ, ఎంతకీ మంచిదని స్టీలు స్కేలు పైపు కొసన ఆనించాను.

ఐదు నూళ్ళు. అటూ ఇటూ తిప్పి కొలిచాను. ఐదే.

తర్వాత చదివితే తెలిసింది. నీళ్ళ పైపు కొలత పాత ఇనుప పైపుల కాలంనుంచి వస్తున్న పేరు. హాఫ్ ఇంచ్ అంటే సుమారుగా లోపలి బొర్రె. రాగి నీళ్ళ పైపు బయటి లావు ఎప్పుడూ ఆ పేరుకన్నా ఒక నూలు ఎక్కువ ఉంటుంది. హాఫ్ ఇంచ్ పైపు బయటికి ఐదు నూళ్ళు, త్రీ ఫోర్త్ పైపు బయటికి ఏడు నూళ్ళు. ఏసీ పైపుకి ఈ గొడవ లేదు. దానికి బయటి లావే పేరు. వంచే స్ప్రింగ్ కూర్చునేది పైపు బయట కాబట్టి, దాని కొలత కూడా బయటి కొలతే.

ఎనిమిది వేల మైళ్ళ దూరంనుంచి, అరచేతిలో పట్టే తెరమీద, నా బొటనవేలి పక్కన పెట్టి చూసి నాన్న చెప్పింది ఒక్క నూలు తేడా లేకుండా నిజం. నేను చేతిలో పైపు పెట్టుకుని కూడా కొలిచి చూడలేదు. పైపు మీద రాసినదాన్ని నమ్మాను, నాన్నని నమ్మలేదు.

ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఈ రెండేళ్ళలో ఆయన ఇంకేమేం సరిగ్గా చెప్తే నేను "కాదు నాన్నా" అన్నానో అని ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ పడుకున్నాను.

*

ఐదు నూళ్ళ స్ప్రింగ్ వచ్చిన రోజు మళ్ళీ ఫోన్ చేశాను. "నాన్నా, ఐదే. నువ్వు చెప్పిందే కరెక్ట్" అన్నాను.

"ఆ" అన్నాడు, అందులో వింతేముందన్నట్టు. తర్వాత కొంచెం కొంచెంగా, మధ్యమధ్య ఆగుతూ, ఇంకో మాట చెప్పాడు. "నీళ్ళోళ్ళు... లోపల కొలుస్తారు. మేం... బయట."

నేను రెండు గంటలు చదివి తెలుసుకున్నది అంతే.

మా ఆయన ఫోన్ పట్టుకున్నాడు. నాన్న అక్కడ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. నేను బేస్‌మెంట్ నేలమీద, ఒళ్ళో రెండడుగుల పైపు ముక్క. ముందు దీని మీద నేర్చుకోమన్నాడు. స్ప్రింగ్ తొడిగాను. మోకాలికి ఆనించి రెండు చేతులతో లాగాను. వంగింది, వంగింది, ఒక్కసారిగా లోపలివైపు సొట్ట పడి మడతైపోయింది.

"తొందర" అన్నాడు నాన్న.

మడతని వెనక్కి తీద్దామని చూస్తే కదల్లేదు. అంతకుముందు అంత మెత్తగా ఉన్న పైపు వంగినచోట ఇనుములా బిగుసుకుపోయింది. రాగి గుణమే అది. వంచినకొద్దీ వంచినచోట గట్టిపడుతుంది. మళ్ళీ మెత్తబడాలంటే కాల్చాలి. చిన్నప్పుడు షాపులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని అది. నాన్న బ్లో ల్యాంప్‌తో పైపుని మసక ఎరుపొచ్చేదాకా కాల్చి బకెట్ నీళ్ళలో ముంచేవాడు. చుయ్యిమని ఆవిరి లేచేది. ఉలికి పదును పెట్టేటప్పుడు కాల్చి నీళ్ళలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది. రాగి అలా కాదు, నీళ్ళలో ముంచినా గాలికి వదిలేసినా మెత్తగానే ఉంటుంది. "ఇనుముకి నీళ్ళు పౌరుషం. రాగికి ఏం పట్టదు" అనేవాడు.

"కాల్చి సరిచేయనా నాన్నా?" అని అడిగాను.

"వద్దు. కొత్తది... కొయ్యి." సొట్ట పడినచోట గోడ అప్పటికే సాగి పల్చబడి ఉంటుంది. తీసినా అది మళ్ళీ మొదటి పైపు కాదు.

రెండో ముక్క. ఈసారి నాన్న ఒక్కొక్క మాటే చెప్పాడు. మాట దొరకనప్పుడు ఎడమచేత్తో చూపించాడు. స్ప్రింగ్ నడిమి భాగం వంపు నడిమికి రావాలి. చేతులు దూరంగా కాదు, దగ్గరగా పట్టుకోవాలి. ఒకేచోట లాగకూడదు. కొంచెం లాగి, చేతులు ఒక వేలెడు జరిపి, మళ్ళీ కొంచెం. కావలసినదానికన్నా ఒక పిసరు ఎక్కువ వంచి వెనక్కి తేవాలి. అప్పుడే బిగిసిన స్ప్రింగ్ వదులవుతుంది. స్ప్రింగ్‌ని లాగి తీయకూడదు, తిప్పుతూ తీయాలి.

"మూల... ముందు" అన్నాడు ఒకచోట. నాకర్థం కాలేదు. "మూల దగ్గర కాదు... ముందు." వంపు మూలలో మొదలవదు. పైపు ఒక్కసారిగా తిరగలేదు కాబట్టి, మూల ఇంకా రెండు మూడు అంగుళాలుండగానే తిరగడం మొదలుపెట్టాలి. ఎల్బోలైతే మూల దాకా కోసుకుంటూ పోవచ్చు. వంచేవాడు ముందే ఎక్కడ తిరగాలో చూసుకోవాలి. కొలిచి, పెన్సిల్‌తో గీత పెట్టి, మళ్ళీ కొలిచాను.

స్ప్రింగ్ దొరకనప్పుడు పైపులో ఇసుక పోసి వంచేవాడని గుర్తుచేశాను. కృష్ణ ఇసుక. అది పొడిపొడిగా ఉండాలి. తడి ఉంటే కాల్చినప్పుడు ఆవిరి పుట్టి, బిగించిన కొస పేలుతుంది. అందుకని ఇంటికొచ్చి అమ్మ పోపు బాణలిలో ఇసుక వేయించేవాడు. వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది: "ఆ బాణలి ఇంకా ఉంది. ఇప్పటికీ పోపులో ఇసుక తగులుతుంది." నాన్న నోరు సగం తెరిచి నవ్వాడు. కుడివైపు ఇంకా సరిగ్గా కదలదు, ఎడమవైపే నవ్వాడు.

ఆ గంటన్నరలో నాన్న మాట్లాడినన్ని మాటలు రెండేళ్ళలో నేను వినలేదు. మాట బాగైపోయిందని కాదు. స్ప్రింగ్‌ని రెండుసార్లు "గంట" అన్నాడు. మా ఆయన పేరు అసలు దొరకనే లేదు, చివరికి "అబ్బాయ్" అన్నాడు. తేడా ఏమిటంటే, ఈసారి నేను తొందరపెట్టలేదు. మాట కోసం ఆయన వెతుక్కుంటుంటే పైపు చేత్తో పట్టుకుని ఎదురు చూశాను. నాకు ఆ మాట కావాలి. ఆయన చెప్తే తప్ప నా పని ముందుకి సాగదు. అలా ఆయన మాట కోసం నేను ఎదురుచూసి ఎన్నాళ్ళైందో.

*

పాత ముక్క కోసి తీశాక, చిల్లు పడినచోట నిలువునా చీల్చి చూశాను. ఎల్బో దాటగానే ఉంది చిల్లు. పైపు కొయ్యగానే కొసన లోపలికి పదునైన అంచు ఒకటి మిగులుతుంది. దాన్ని గీకి నున్నగా చేశాకే అతకాలి. ఎవరో చేయలేదు. ఏళ్ళ తరబడి నీళ్ళు ఆ అంచుకి కొట్టుకుని సుడి తిరిగి, అవతలి గోడని కొంచెం కొంచెంగా తినేశాయి. నాన్నకి చూపించాను. "గీకలేదు" అన్నాడు, మనిషి ఎదురుగా ఉంటే రెండు తగిలించేవాడిలా. నా ముక్కకి రెండు కొసలూ గీకి, వేలు పెట్టి చూసి, కెమెరాకి చూపించి మరీ ముందుకెళ్ళాను.

నాలుగు వంపులతో ఒకే ముక్క రేకు గొట్టం కిందనుంచి దిగి అవతలికెక్కింది. మూడో వంపు కాస్త వంకర. "పర్లేదు, నీళ్ళకి కళ్ళుండవు" అన్నాడు నాన్న. ఆ మాట ఎక్కడా తడబడకుండా వచ్చింది.

మిగిలింది రెండు కప్లింగులు, నాలుగు అతుకులు. ఇక్కడ నాన్న పద్ధతీ ఈ ఊరి పద్ధతీ వేరు. ఏసీ పైపుకి ఎర్రగా కాల్చి గట్టి రాడ్‌తో అతుకుతారు. నీళ్ళ పైపుకి చాలా తక్కువ వేడితో టంకం వేస్తే చాలు. ఆ టంకంలో ఒకప్పుడు సీసం ఉండేది. అమెరికాలో 1986లో చట్టం మార్చి తాగునీటి పైపులకి సీసం లేని టంకమే వాడాలన్నారు. పైపుని గరుకు కాగితంతో తోమి, ఫ్లక్స్ రాసి, టంకాన్ని కాదు, కప్లింగ్‌ని వేడి చేయాలి. వేడి సరిపోతే టంకం తనంతట తనే సందులోకి పాకుతుంది. పైకి కూడా పాకుతుంది.

చిక్కేమిటంటే, వాల్వ్ కట్టేసినా పాత పైపులో నీటిబొట్లు దిగుతూనే ఉన్నాయి. తడి ఉంటే పైపు వేడెక్కదు, టంకం పట్టదు. దీనికి ఇక్కడి పాతకాలపు ప్లంబర్ల చిట్కా ఒకటుంది. తెల్ల బ్రెడ్డు ముద్దచేసి పైపులోకి కుక్కడం. అతుకు అయ్యేదాకా అది నీళ్ళు పీల్చుకుంటుంది. తర్వాత నీళ్ళు వదిలితే కరిగి కొట్టుకుపోతుంది. నాన్నకి చెప్తే నమ్మలేదు. "బ్రెడ్డా?" అని మూడుసార్లు అడిగాడు. అమ్మని పిలిచి మరీ చూపించాడు.

దూలాలకి మంట తగలకుండా అడ్డం ఒక గుడ్డ, పక్కన మంటలార్పే సిలిండర్, బకెట్ నీళ్ళు. నాలుగు అతుకుల్లో మూడు మొదటిసారే నిలిచాయి. నాలుగోది చెమ్మగిల్లింది. నీళ్ళు దించి, విప్పి, తోమి, మళ్ళీ వేశాను. అప్పుడు నిలిచింది.

కొత్త రాగి పైపులో రాత్రంతా నిలిచిన నీళ్ళు పొద్దున్నే కాసేపు వదిలేశాక తాగమంటారు ఇక్కడ. తాగునీటిలో రాగి లీటరుకి 1.3 మిల్లీగ్రాములు దాటితే నీళ్ళ సరఫరావాళ్ళు చర్య తీసుకోవాలని 1991నుంచి ఒక నియమం. అమ్మకి ఇది చెప్తే నవ్వింది. ఆవిడ రోజూ రాత్రి రాగి చెంబులో నీళ్ళు పోసిపెట్టి, పొద్దున లేవగానే నాన్నకి అవే ఇస్తుంది.

*

నెలాఖరు ఇంకా ఆరు రోజులుంది. అన్నయ్యకి ఫోన్ చేసి, షాపు సంగతి నాన్నని అడగాలి అన్నాను. మళ్ళీ మొదలుపెట్టావా అన్నాడు. ఐదు నూళ్ళ కథ చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "నన్నెప్పుడూ షాపులోకి రానివ్వలేదు కదా, నాకేం తెలుసు" అన్నాడు చివరికి. అందులో కోపం ఉంది. ఆ కోపం నా మీద కాదని తెలిసి ఊరుకున్నాను.

ఆదివారం ముగ్గురం కలిసి వీడియోలో కూర్చున్నాం. అన్నయ్యే మొదలుపెట్టాడు, నిదానంగా. అద్దె సంగతి, సామాను సంగతి. ఎక్కడా గొంతు పెంచలేదు. నాన్న అంతా విని, "తెలుసు" అన్నాడు.

అమ్మ ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. పక్క మంచం మీద నాన్న ఉంటాడు. మేం షాపు గురించి మాట్లాడుకున్న ప్రతిసారీ ఆయన వింటూనే ఉన్నాడు. "చెప్తే ఏమర్థమవుతుందిలే" కూడా విన్నాడు. దానికి నేనేమీ అనకపోవడం కూడా విన్నాడు.

ఎవరం ఏం మాట్లాడలేకపోయాం. నాన్నే మాట్లాడాడు. చాలాసేపు పట్టింది, మేం ఎదురుచూశాం. ఖాళీ చేసేయమన్నాడు. అద్దె దండగ అన్నాడు. మేం అనుకున్నదే. కానీ సామాను తూకానికి వద్దన్నాడు. వాక్యూమ్ పంపు, ఫ్లేరింగ్ సెట్టు, గేజీలు, సిలిండర్లు అన్నీ ఒకప్పుడు షాపులో పనిచేసిన కుర్రాడికి ఇవ్వమన్నాడు. ఆ కుర్రాడికి ఇప్పుడు నలభై దాటాయి, సొంతంగా ఏసీ పని చేసుకుంటున్నాడు. పేరు దొరకలేదు నాన్నకి. "వాడు... మన వాడు" అన్నాడు. అన్నయ్య పేరు అందించబోయి ఆగాడు. ఒక నిమిషం తర్వాత నాన్నకే దొరికింది.

"స్ప్రింగులు?" అన్నాను.

"నీకు" అన్నాడు. అన్నయ్య వైపు చూసి, "నువ్వు... లైటు పట్టుకో" అన్నాడు. అది వేళాకోళమో క్షమాపణో మా ఇద్దరికీ ఇప్పటికీ తేలలేదు. అన్నయ్య మాత్రం ఆ నెల చివర్లో విజయవాడ వెళ్ళి, నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి, షాపులో సామాను ఒక్కొక్కటీ తీసి చూపించి, ఆయన ఊ అన్నాకే ఆటోలోకి ఎక్కించాడు.

స్ప్రింగుల కట్ట పోయిన నెల చేరింది. ఐదు స్ప్రింగులు, రాగి తీగతో కట్టి ఉన్నాయి. ఐదు నూళ్ళది మిగతావాటికన్నా ఎక్కువ అరిగింది. బేస్‌మెంట్‌లో మేకుకి తగిలించాను, నేను వంచిన పైపు కిందే.

ఇప్పుడు వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తాను. నాన్న ఏదైనా అంకె చెప్తే వెంటనే కాదనను. ముందు చూసి వస్తాను. కొన్నిసార్లు తప్పే అవుతుంది. మాత్రలు ఏడు కావు, రెండే. అయినా అమ్మని అడిగి, డబ్బాలో లెక్కపెట్టించి, అప్పుడే చెప్తాను.